చందమామ నల్లమచ్చలో ఏముంది?

పున్నమి రాత్రి. వాకిట్లో మంచాలు వేసుకున్నారు. పిల్ల ఆకాశంలోకి చూసి, "అమ్మమ్మా, చందమామలో ఆ నలుపేంటి?" అని అడుగుతుంది. "కుందేలు తల్లీ" అంటుంది అమ్మమ్మ. "కాదు, ముసలమ్మ రాట్నం వడుకుతోంది" అంటుంది పక్కింటి పెద్దమ్మ. ఇద్దరూ తమ చిన్నప్పుడు విన్న మాటే చెబుతున్నారు.

ఆ నలుపు ఏమిటో ఇప్పుడు తెలుసు. అది రాయి. ఒకప్పుడు కరిగి, పారి, చల్లారి గడ్డకట్టిన నల్లరాయి. మనుషులు అక్కడిదాకా వెళ్లి ఆ రాళ్లు ఏరుకుని తెచ్చారు. వాటిని పరీక్ష చేశారు. వాటిలో ఒక లోహం బాగా ఎక్కువగా ఉందని తేలింది. దాని పేరు టైటానియం.

పేరు కొత్తగా ఉందా? వస్తువు మాత్రం కొత్తది కాదు. అది మీ ఇంట్లోనే ఉంది.

డబ్బాల్లో అమ్మే తెల్ల పెయింటు చూశారు కదా. ఆ తెలుపు టైటానియం నుంచే వస్తుంది. సున్నం సంగతి వేరు, అది కాల్చిన సున్నపురాయి. పెయింటులో తెలుపు కోసం కలిపేది టైటానియం పొడి. తెల్ల ప్లాస్టిక్ బక్కెట్టులో ఆ పొడి ఉంటుంది. తెల్ల కాగితంలో ఉంటుంది. కొన్ని పళ్ల పేస్టుల్లో, కొన్ని మాత్రల మీది పూతలో కూడా ఉంటుంది. టైటానియం అనే లోహం ఆక్సిజన్‌తో కలిస్తే ఈ తెల్లపొడి అవుతుంది. ఆక్సిజన్ అంటే మనం పీల్చే ప్రాణవాయువు. ఇనుము ఆక్సిజన్‌తో, తేమతో కలిస్తే ఎర్రటి తుప్పు అవుతుంది. ఇది మాత్రం తెల్లటి పొడి అవుతుంది.

భూమిలోంచి తవ్వే టైటానియం ఖనిజంలో వందకు 90 వంతుల పైనే ఈ తెల్లపొడికి పోతుంది. మిగిలిన కొంచెమే లోహంగా మారుతుంది. ఆ కొంచెం లోహం కోసమే విమానాలు చేసేవాళ్లు, రాకెట్లు చేసేవాళ్లు, ఎముకల డాక్టర్లు కాచుకుని ఉంటారు.

ఎందుకంత గిరాకీ?

ముందు బరువు సంగతి చూడండి. ఒక ఉక్కు ముక్క 10 కిలోలు ఉందనుకోండి. సరిగ్గా అంతే సైజు టైటానియం ముక్క 6 కిలోల లోపే ఉంటుంది. మనం సిల్వర్ గిన్నె అని పిలిచే అల్యూమినియం ఇంకా తేలిక, మూడున్నర కిలోలు కూడా ఉండదు. కాని అల్యూమినియం మెత్తన. గట్టిగా కొడితే సొట్ట పడుతుంది. 660 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. టైటానియం కరగాలంటే 1668 డిగ్రీలు కావాలి. ఇనుము కూడా అంతకన్నా ముందే కరుగుతుంది. టైటానియంలో కొంచెం అల్యూమినియం, కొంచెం వనేడియం అనే మరో లోహం కలిపితే చాలా రకాల ఉక్కుతో సమానంగా బలం వస్తుంది. అంటే ఉక్కు బలం ఉంటుంది, ఉక్కు బరువు ఉండదు. ఎగిరే వస్తువుకు అంతకన్నా ఏం కావాలి?

రెండోది తుప్పు. కొడవలిని వానలో వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పైన ఎర్రటి పొర వస్తుంది. అది రాలిపోతుంది. కింద మళ్లీ కొత్త తుప్పు పడుతుంది. అలా తినుకుంటూ పోతుంది. టైటానియం మీద కూడా గాలి తగలగానే ఒక పొర కడుతుంది. కాని ఆ పొర పాల మీద మీగడ కట్టినట్టు అంతటా గట్టిగా పట్టుకుని ఉంటుంది. కంటికి కనిపించనంత పలచన. ఆ పొర లోపలికి గాలినీ, నీటినీ రానివ్వదు. ఎక్కడైనా గీత పడితే అక్కడ క్షణంలో మళ్లీ కడుతుంది. అందుకే ఏళ్ల తరబడి ఉప్పునీటిలో ఉన్నా టైటానియానికి ఏమీ కాదు. సముద్రపు నీటితో పనిచేసే యంత్రాల్లో గొట్టాలు దీనితో చేస్తారు.

మూడోది మన ఒంటికి సంబంధించినది. ఇక్కడ ఒక కుందేలు కథ ఉంది. చందమామలో కుందేలు కాదు, నిజం కుందేలు. 1950లలో స్వీడన్ దేశంలో బ్రనెమార్క్ అనే డాక్టరు ఉండేవారు. ఎముక లోపల నెత్తురు ఎలా పారుతుందో చూడాలని ఆయన కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం గొట్టం పెట్టారు. పరీక్ష అయిపోయింది. గొట్టం ఖరీదైనది, తీసి మళ్లీ వాడుకుందామనుకున్నారు. ఎంత లాగినా రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది! మామూలుగా మన ఒళ్లు బయటి వస్తువును ఒప్పుకోదు. ముల్లు దిగితే చీము పట్టి బయటికి తోసేస్తుంది కదా. టైటానియాన్ని మాత్రం ఎముక తన సొంతంలా పట్టుకుంది. 1965లో ఆయన ఒక మనిషి దవడలో టైటానియం మేకులు బిగించి వాటిపై పళ్లు కట్టారు. ఈ రోజు తుంటి కీలు మార్చినా, విరిగిన ఎముకకు పట్టీ వేసి మేకులు బిగించినా, చాలాసార్లు అది టైటానియమే. మీ ఊళ్లో ఎవరికైనా కాలిలో రాడ్డు వేసి ఉంటే ఆస్పత్రి కాగితం తీసి చదవండి. ఆ పేరు కనిపించినా కనిపించవచ్చు.

అన్నిటికీ పనికొస్తుందని కాదు. టైటానియంతో దోసె పెనం చేస్తే మధ్యలో మాడుతుంది, అంచున పచ్చిగా ఉంటుంది. వేడిని అంతటా పంచే గుణం దానికి తక్కువ. కోయడం, తొలవడం కూడా కష్టమే. పనిముట్టు వేడెక్కి అరిగిపోతుంది. సన్నటి రజను అయితే అంటుకుని మండుతుంది కూడా.

సముద్రం గాలించి పెట్టిన ఇసుక

టైటానియం ఎక్కడ దొరుకుతుంది? మన సముద్రపు ఒడ్డునే దొరుకుతుంది.

శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరంలోగాని, విశాఖపట్నం దగ్గర భీమునిపట్నం తీరంలోగాని నడిచినవాళ్లు చూసే ఉంటారు. తెల్ల ఇసుకలో అక్కడక్కడ నల్లటి చారలు కనిపిస్తాయి. చేతిలోకి తీసుకుంటే ఆ నల్ల ఇసుక బరువుగా ఉంటుంది. దానిలో ఎక్కువ భాగం ఇల్మెనైట్ అనే ఖనిజం. ఇల్మెనైట్‌లో మూడు కలిసి ఉంటాయి. ఇనుము, టైటానియం, ఆక్సిజన్.

ఆ నల్ల ఇసుక ఒక్కచోటికి ఎలా చేరింది? తూర్పు కనుమల రాళ్లు ఎండకు, వానకు పగిలి పొడి అవుతాయి. ఆ పొడిని వంశధార, నాగావళి వంటి నదులు మోసుకొచ్చి సముద్రంలో పోస్తాయి. అలలు దాన్ని ఒడ్డుకు తోస్తాయి, మళ్లీ లాగుతాయి. బియ్యం నీళ్లలో పోసి మీరు గాలిస్తారు కదా. తేలికైన గింజ నీటితో పోతుంది. బరువైన రాయి అడుగున నిలుస్తుంది. సముద్రం చేసే పనీ అదే. తేలిక ఇసుకను లాక్కుపోతుంది, బరువైన నల్ల ఇసుకను వదిలిపెడుతుంది. వేల ఏళ్లు విసుగు లేకుండా గాలించింది. కేరళలో చవర తీరంలో, ఒడిశాలో ఛత్రపురం తీరంలో కూడా ఇలాగే పోగుపడింది. అక్కడ తవ్వకాలు చాలా ఏళ్లుగా సాగుతున్నాయి.

అసలు టైటానియాన్ని మొదట పసిగట్టింది కూడా నల్ల ఇసుకలోనే. 1791లో ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే చోట గ్రెగర్ అనే పాదిరీ గారు ఉండేవారు. వాగు ఒడ్డున నల్ల ఇసుక ఆయన కంట పడింది. సూదంటు రాయి పెట్టి చూశారు. ఇసుక అంటుకుంది. ఇనుము ఉందన్నమాట. ఇనుము తీసేశాక ఇంకేదో మిగిలింది. అది ఏ తెలిసిన లోహానిదీ కాదు. నాలుగేళ్ల తరువాత 1795లో జర్మనీలో క్లాప్రోత్ అనే శాస్త్రవేత్తకు వేరే ఖనిజంలో అదే కనిపించింది. ఆయనే టైటానియం అని పేరు పెట్టారు. గ్రీకు పురాణాల్లో టైటన్లు అని ఉంటారు. వాళ్లు భూదేవి కొడుకులు. మన పురాణంలో నరకాసురుడు భూదేవి కొడుకే కదా, అలాగన్నమాట.

పేరు పెట్టారు గాని లోహాన్ని ఎవరూ చూడలేదు! అది ఆక్సిజన్‌ను అంత గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఇనుప రాయిని బొగ్గుతో కలిపి కాలిస్తే బొగ్గు ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, ఇనుము మిగులుతుంది. మన కొలిమి పనివాళ్లకు ఆ విద్య ఎప్పటినుంచో తెలుసు. టైటానియం దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. బొగ్గుతో కాలిస్తే టైటానియం బొగ్గును కూడా పట్టుకుని పెళుసైపోతుంది. 1910లో అమెరికాలో హంటర్ అనే ఆయన మొదటిసారి శుద్ధమైన టైటానియం తీశారు. పాదిరీ గారు ఇసుక చూసినప్పటి నుంచి లెక్కేస్తే 119 ఏళ్లు!

ఆ తరువాత లక్సెంబర్గ్ అనే చిన్న దేశానికి చెందిన క్రోల్ ఇంకో దారి కనిపెట్టారు. 1940లో దానికి హక్కు పత్రం వచ్చింది. ముందు ఖనిజాన్ని క్లోరిన్ వాయువుతో కలిపి ద్రవంగా మారుస్తారు. ఆ ద్రవాన్ని మెగ్నీషియం అనే లోహంతో కలిపి, గాలి చొరని పెద్ద పాత్రలో రోజుల తరబడి కాస్తారు. చివరికి స్పంజిలాగా బొరియలు బొరియలుగా ఉండే ముద్ద మిగులుతుంది. దాన్ని గాలి లేని చోట కరిగించి దిమ్మెలు పోస్తారు. ఎంత కరెంటు, ఎంత ఖర్చు! టైటానియం ప్రియం కావడానికి కారణం ఇదే. భూమిలో అది కరువు కాదు. భూమి పైపొరలో ఎక్కువగా ఉన్న మూలకాల వరుసలో దానిది తొమ్మిదో స్థానం. ఉన్నది బోలెడు, విడిపించడమే గగనం.

ఈ విద్య మన దేశానికీ వచ్చింది. హైదరాబాదులోని రక్షణ శాఖ లోహ పరిశోధనశాల దీన్ని నేర్చి తయారీ పద్ధతి ఇచ్చింది. దానితో 2011లో కేరళలోని చవరలో టైటానియం ముద్ద తయారుచేసే ఫ్యాక్టరీ మొదలైంది. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో మిధాని అనే ప్రభుత్వ కర్మాగారం ఉంది. టైటానియాన్ని వేరే లోహాలతో కలిపి రాకెట్లకు, విమానాలకు కావలసిన దిమ్మెలు, రేకులు అక్కడ చేస్తారు.

ఇక చందమామ దగ్గరికి

చంద్రుడు పుట్టినప్పుడు పైన ఎక్కువ భాగం కరిగిన రాయే. బెల్లం వండేటప్పుడు పాకం మీద మడ్డి తేలుతుంది కదా. అలాగే తేలికైన తెల్లటి రాయి పైకి తేలి గట్టిపడింది. మనకు మెరుస్తూ కనిపించే భాగం అదే. ఇల్మెనైట్ బరువైనది. అది ఆలస్యంగా గట్టిపడి కిందికి దిగింది. ఆ తరువాత పెద్ద పెద్ద రాళ్లు ఆకాశం నుంచి వచ్చి గుద్దుకుని చంద్రుడి మీద గోతులు పడ్డాయి. లోపల రాయి మళ్లీ కరిగి, పగుళ్లలోంచి పైకి పొంగి, ఆ గోతుల్ని నింపింది. వస్తూ వస్తూ ఇల్మెనైట్‌నూ వెంట తెచ్చింది. ఇదంతా 300 కోట్ల ఏళ్లకు పూర్వం మాట. అలా నిండిన గోతులే మన కుందేలు, మన ముసలమ్మ. పాతకాలపు పండితులు వాటిని సముద్రాలు అనుకున్నారు. ఇప్పటికీ ఆ పేర్లే ఉన్నాయి. వాటిలో చుక్క నీరు లేదు.

1969 జులై 20న అమెరికా వాళ్ల అపోలో 11 నౌక ప్రశాంత సముద్రం అనే నల్లమచ్చ మీద దిగింది. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ కిందికి దిగి నడిచారు. కాలిన్స్ పైన నౌకలో చుట్టూ తిరుగుతూ ఉన్నారు. 20 కిలోలకు పైగా రాళ్లు, మన్ను తెచ్చారు. అక్కడి రాళ్లలో కొన్నిటిని 100 కిలోలు తీసుకుంటే, టైటానియం తెల్లపొడి లెక్కన 10 కిలోల దాకా వస్తుంది. అందులో అసలు లోహం 6 కిలోలు. భూమి మీది అలాంటి నల్లరాయిలో దీనిలో మూడో వంతు కూడా ఉండదు. ఆ రాళ్లలో ఒక కొత్త ఖనిజం కూడా దొరికింది. అదీ టైటానియం ఉన్నదే. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి ఆర్మల్కొలైట్ అని పేరు పెట్టారు. తరువాత భూమి మీద కూడా అది దొరికిందనుకోండి.

1972 డిసెంబరులో అపోలో 17 వెళ్లింది. అందులో ష్మిట్ అనే రాళ్ల శాస్త్రవేత్త ఉన్నారు. అంతా బూడిద రంగు మన్ను మధ్య ఒకచోట నారింజ రంగు మన్ను కనిపించి ఆయన ఆశ్చర్యపోయారు. తెచ్చి చూస్తే అవి ఆవగింజ కన్నా చిన్న గాజు పూసలు. కరిగిన రాయి ఫౌంటెన్‌లా పైకి చిమ్మి, పడేలోపే గడ్డకట్టిన పూసలు. వాటిలో కూడా టైటానియం మెండు.

మన దేశమూ చూసింది. పులికాట్ సరస్సు పక్కన ఉన్న మన శ్రీహరికోట నుంచి 2023 జులై 14న చంద్రయాన్ 3 బయలుదేరింది. ఆ పనిలో కల్పన కాళహస్తి అనే మహిళ సహ ప్రాజెక్టు డైరెక్టరు. ఆగస్టు 23న అది దక్షిణ ధ్రువం వైపు దిగింది. అందులోంచి ప్రజ్ఞాన్ అనే చిన్న బండి కిందికి వచ్చింది. 26 కిలోల బండి. అది మన్ను మీద లేజర్ వెలుగు కొట్టి, మన్ను ఏ రంగులో మెరుస్తుందో చూసింది. పొయ్యిలో ఉప్పు రాయి పడితే మంట పసుపు రంగుకు తిరుగుతుంది కదా. ఏ పదార్థానికి ఆ రంగు ఉంటుంది. అలా రంగుల్ని బట్టి గంధకం, ఇనుము, అల్యూమినియం, ఆక్సిజన్ ఇంకా కొన్ని ఉన్నాయని తేలింది. వాటిలో టైటానియం కూడా ఉంది. అయితే అది తెల్లటి రాయి ఉన్న ప్రాంతం. అక్కడ ఉన్నది కొద్దిపాటే. మెండుగా ఉన్నది నల్ల మచ్చల్లోనే, అదీ అన్నిటిలో కాదు.

తెచ్చుకుందామా?

ఇంత విన్నాక ఎవరైనా అడుగుతారు. "అక్కడ అంత ఉంటే తెచ్చుకోవచ్చు కదా?"

లెక్క వేద్దాం. చంద్రుడు మనకు సుమారు 3,84,400 కిలోమీటర్ల దూరం. చంద్రుడి మీదికి సామాను చేరవేస్తామని ఒక అమెరికా కంపెనీ కిలోకు 12 లక్షల డాలర్ల ధర చెప్పింది. మన డబ్బుల్లో దాదాపు 10 కోట్ల రూపాయలు. అది పోవడానికే. రావడానికి వేరే ఖర్చు. ఇక్కడ కిలో టైటానియం ఎంత ప్రియమైనా వేలల్లోనే. కోట్లు పోసి వేల రూపాయల సరుకు ఎవరు తెస్తారు? చంద్రుడి నుంచి టైటానియం భూమికి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

పైగా అక్కడ పని ఇక్కడంత సులువు కాదు. నది లేదు, అల లేదు, గాలి లేదు. అంటే గాలించేవాళ్లు లేరు, చెరిగేవాళ్లు లేరు. ఇల్మెనైట్ రాయి లోపలే చిక్కుకుని ఉంది. మన్నులో అన్నీ కలగలిసి ఉన్నాయి. నీరు, గాలి అరగదీయలేదు కాబట్టి ఆ దుమ్ము గాజుపెంకుల్లా పదును. బట్టలకు పడుతుంది, యంత్రాల కీళ్లలో దూరుతుంది. పగలు దాదాపు 14 రోజులు, రాత్రి దాదాపు 14 రోజులు. పగలు నీళ్లు మరిగేదాన్ని మించిన ఎండ. రాత్రి సున్నాకు 130 డిగ్రీలు దిగువన చలి. క్లోరిన్ కావాలి, మెగ్నీషియం కావాలి అంటే అక్కడ ఎవరిస్తారు?

మరి శాస్త్రవేత్తలు ఇల్మెనైట్ వెంట ఎందుకు పడుతున్నారు? లోహం కోసం అనుకుంటాం. కాదు. అసలు కావలసింది దానిలో ఉన్న ప్రాణవాయువు.

చంద్రుడి మీద పీల్చడానికి గాలి లేదు. మనిషి ఉండాలంటే రోజుకు 800 గ్రాములకు కాస్త పైన ఆక్సిజన్ కావాలి. భూమి నుంచి మోసుకెళ్తే కిలోకు 10 కోట్లు. కాని కాలి కింది మన్నులో, బరువు లెక్కన వందకు 40 వంతుల పైన ఆక్సిజనే! రాయితో కలిసిపోయి ఉంది, అంతే. దాన్ని విడిపించడానికి అన్నిటిలోకి ఇల్మెనైట్ కొంచెం మెత్తబడే రకం.

ఎలాగంటే, ఇల్మెనైట్‌ను 900 డిగ్రీలకు పైగా కాచి దాని మీదుగా హైడ్రోజన్ వాయువు పంపుతారు. హైడ్రోజన్ వెళ్లి, ఇనుమును పట్టుకుని ఉన్న ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే ఏమవుతుంది? నీళ్లు! ఆవిరి వస్తుంది, చల్లారిస్తే నీళ్లు. ఆ నీళ్లలోకి కరెంటు పంపితే మళ్లీ రెండుగా విడిపోతాయి. ఆక్సిజన్‌ను పీల్చుకోవచ్చు. హైడ్రోజన్‌ను తిరిగి పొయ్యిలోకి పంపవచ్చు. 100 కిలోల ఇల్మెనైట్‌లోంచి ఇలా 10 కిలోల ఆక్సిజన్ వస్తుంది. ఒక మనిషికి 12 రోజుల ఊపిరి. అడుగున ఇనుము, టైటానియం తెల్లపొడి మిగులుతాయి. అదే మన పెయింటు పొడి.

ఆ తెల్లపొడిలో కూడా ఇంకా ఆక్సిజన్ ఉంది. దాన్ని తీయడానికి వేరే పద్ధతి ఉంది. 1990లలో ఇంగ్లండులో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు కనిపెట్టారు. కరిగిన ఉప్పులో పొడిని ముంచి కరెంటు పంపితే ఆక్సిజన్ బయటికి వస్తుంది, లోహం మిగులుతుంది. మనం కూరలో వేసే ఉప్పు కాదు, కాల్షియం ఉప్పు. 2020లో ఐరోపా అంతరిక్ష సంస్థ నెదర్లాండ్స్‌లో ఈ పద్ధతితో చిన్న యంత్రం పెట్టింది. చంద్రుడి మన్నును పోలిన మన్ను చేసుకుని, దానిలోంచి ఆక్సిజన్ తీసి చూస్తున్నారు. అక్కడ టైటానియం లోహం తయారైతే ఇలాగే తయారవుతుంది. ఊపిరి కోసం చేసే వంటలో అడుగున మిగిలేదిగా.

నీటి సంగతి ఇంకొకటి ఉంది. ఎండతో పాటు సూర్యుడి నుంచి హైడ్రోజన్ రేణువులు కూడా వచ్చి చంద్రుడి మన్నులో ఇంకుతాయి. 2020 డిసెంబరులో చైనా వాళ్ల చాంగ్ ఎ 5 నౌక 1.7 కిలోల మన్ను తెచ్చింది. దాన్ని పరీక్షిస్తే అలా ఇంకిన హైడ్రోజన్ ఇల్మెనైట్‌లోనే అన్నిటికన్నా ఎక్కువగా ఉందని కనిపించింది. ఆ మన్నును బాగా కాస్తే టన్నుకు 50 కిలోల పైన నీళ్లు రావచ్చని 2024లో వాళ్లు లెక్క కట్టారు. రెండు బిందెల నీళ్ల కోసం బండెడు మన్ను కాయాలన్నమాట. నీటి కోసం మైళ్లు నడిచినవాళ్లకు ఈ లెక్క వింతగా అనిపించదు.

చెరువు ఎవరిది, చేప ఎవరిది?

ఇదంతా ఇప్పటికి పరీక్షల్లోనే ఉంది. చంద్రుడి మీద ఎవరూ ఇంకా పొయ్యి వెలిగించలేదు. కాని హక్కుల మాట అప్పుడే మొదలైంది.

1967లో దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. చంద్రుడు ఏ దేశం సొత్తూ కాదు, ఎవరూ తమదని జెండా పాతి ఆక్రమించకూడదు అని దానిలో ఉంది. మన దేశం దానిలో ఉంది. 1979లో మరో ఒప్పందం రాశారు. చంద్రుడి సంపద మానవులందరి ఉమ్మడి ఆస్తి అని అది అంటుంది. మన దేశం దాని మీద సంతకం పెట్టింది గాని ఖాయం చేయలేదు. అమెరికా, రష్యా, చైనా దానిలో చేరనే లేదు. 2015లో అమెరికా తన చట్టం తాను చేసుకుంది. తమ దేశం వాళ్లు అంతరిక్షంలో తవ్విన సరుకు తవ్వినవాళ్లదే అని. 2017లో లక్సెంబర్గ్ కూడా అలాంటి చట్టమే చేసింది. 2020లో అమెరికా మరికొన్ని దేశాలతో కలిసి ఆర్టెమిస్ ఒప్పందం రాసింది. తవ్వుకున్నంత మాత్రాన ఆక్రమించినట్టు కాదని అందులో ఉంది. 2023 జూన్‌లో మన దేశం దాని మీద సంతకం చేసింది.

అంటే ఏమిటి? చెరువు ఊరందరిది, పట్టిన చేప వల వేసినవాడిది అన్నట్టు. మరి వల కొనలేనివాళ్ల సంగతి? దానికి ఏ ఒప్పందంలోనూ తేట జవాబు లేదు.

సముద్రపు ఒడ్డు ఊళ్లకు ఈ తగవు కొత్త కాదు. అక్కడి నల్ల ఇసుకలో ఇల్మెనైట్‌తో పాటు మోనజైట్ రేణువులు కూడా ఉంటాయి. మోనజైట్‌లో అణుశక్తికి పనికొచ్చే థోరియం ఉంది. అందుకే ఎవరు పడితే వారు దాన్ని తవ్వకూడదని చట్టం ఉంది. ఇసుక దిబ్బలు తీసేస్తే తుపానులో అలకు అడ్డం ఉండదు. పడవ నిలపడానికి, వల ఆరబెట్టడానికి చోటు పోతుంది. చందమామ మీద ఊళ్లు లేవు, పడవలు లేవు. కాబట్టి అడిగేవాళ్లూ లేరు.

ఈసారి పున్నమి నాడు చంద్రుడు పొడిచే వేళ తూర్పుకు తిరిగి చూడండి. పైఅంచు దగ్గర ఒక చిన్న గుండ్రటి మచ్చ విడిగా కనిపిస్తుంది. దానికి కాస్త కిందగా ఉన్న పెద్ద మచ్చే ప్రశాంత సముద్రం. కుందేలు బొమ్మలో అది కుందేలు తల. ఆర్మ్‌స్ట్రాంగ్ నడిచింది అక్కడే. ఇల్మెనైట్ మెండుగా ఉన్నదీ అక్కడే.